రెండు స్క్రూలు

ఆ వేసవంతా మా ఇంట్లో అందరం ఒక గిటార్ షాపువాణ్ణి తిట్టుకున్నాం. తిట్టాల్సినవాడే. ఇప్పటికీ ఆ రోడ్డు మీద వెళ్తే నా చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుంటాయి. కానీ కోపం ఆ షాపు దగ్గరే ఆగి ఉంటే ఈ కథ చెప్పేదాన్ని కాదు.

మా అత్తగారు వసుమతి ఆ మే నెలలో విజయవాడ నుంచి అమెరికాలో మేముండే బాతెల్ వచ్చారు. పచ్చళ్ళు తేలేదు, కారప్పొడి తేలేదు. రెండో పెట్టె బదులు గిటార్ తెచ్చుకున్నారు.

అది మామూలుగా భుజానికి తగిలించుకుని వాయించే గిటార్ కాదు. హవాయియన్ గిటార్ అంటారు. ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమచేత్తో ఒక స్టీలు రాడ్‌ని తీగల మీద జరుపుతూ వాయించాలి. ఆ రాడ్ కింద మెట్లకి తగలకూడదు కాబట్టి తీగలు బాగా ఎత్తులో ఉంటాయి. ఆవిడ ఒకప్పుడు రేడియోలో, ఊళ్ళో ఆర్కెస్ట్రాల్లో వాయించారని తెలుసు గానీ నేను ఎప్పుడూ వినలేదు. పెళ్ళయిన కొత్తలో విజయవాడ ఇంట్లో బీరువా మీద ఒక నల్ల పెట్టె ఉండేది. ఏమిటని అడిగితే "నా గిటారు" అన్నారు, అంతే.

ఇప్పుడు దాన్ని మోసుకొచ్చింది పాత స్నేహితురాలు శేషమ్మగారి కోసం. ఆవిడ వయొలిన్. ఇద్దరూ కలిసి వాయించేవాళ్ళు. శేషమ్మగారు కొన్నేళ్ళుగా మా పక్క ఊరు కిర్క్‌లండ్‌లో కూతురి దగ్గరే ఉంటున్నారు. చేతులు వణకడం మొదలైందట. "ఈ వేసవి దాటితే విల్లు పట్టుకోలేనేమోనే, వచ్చెయ్" అని ఫోన్ చేశారట. జులైలో వాళ్ళింటి పెరట్లో తెలిసినవాళ్ళందరి ముందూ ఒక సాయంత్రం కలిసి వాయించాలని ఇద్దరూ అనుకున్నారు.

ప్రయాణంలో ఎక్కడో దెబ్బ తగిలి గిటార్ బ్రిడ్జి లేచింది. తీగలు వచ్చి కట్టుకునే చెక్క అది. వెనకవైపు అతుకు ఊడి, సందులో కాగితం దూరేలా అయింది.

"మా ఆఫీసు దారిలో ఒక షాపుంది, నేనిస్తాలే అమ్మా," అన్నాడు జగదీష్, నా భర్త.

"అతుకు ఒక్కటే వేయించు నాన్నా. ఇంకేమీ ముట్టుకోవద్దను."

"సరేమ్మా."

తొందరగానే తిరిగొచ్చింది. శుక్రవారం సాయంత్రం జగదీష్ కేసు పట్టుకుని లోపలికి వచ్చి, "రెడీ" అన్నాడు. మూత తీస్తే తళతళలాడుతోంది. ఎవరో తుడిచి పాలిష్ పెట్టారు. అత్తయ్య సోఫా అంచున కూర్చుని దాన్ని ఒళ్ళోకి తీసుకున్నారు. బ్రిడ్జికి అటొకటి, ఇటొకటి స్క్రూలు. ఇంట్లో అల్మారాలకి బిగిస్తామే, అలాంటివి. ఆవిడ వేలితో ఒకదాని తల తడిమారు. తర్వాత రాడ్ తీగల మీద పెట్టారు.

టక్‌మని మెట్టుకి తగిలింది. జరిపితే రేకు మీద గోరు గీసిన చప్పుడు.

"దిమ్మ ఏది?" అన్నారు.

"ఏ దిమ్మ?" అన్నాడు జగదీష్.

"ఈ చివర తీగలు ఆనుకునే దిమ్మ. ఎముకది. ఎత్తుగా ఉండేది."

"మార్చినట్టున్నారమ్మా. ఇదిగో, కొత్తది వేశారు."

"కొత్తది నేనడిగానా?"

జగదీష్ మెడ వెనక రుద్దుకున్నాడు. "ఈ షాపులవాళ్ళు ఇంతే. బుర్ర పెట్టి పని చెయ్యరు," అన్నాడు. అంతలో ఫోన్ మోగింది, పైకి వెళ్ళిపోయాడు. ఆవిడ గిటార్‌ని కేసులో పెట్టి, రెండు క్లిప్పులూ నిదానంగా వేశారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

నేను బాతెల్‌లోనే ఒక బయోటెక్ కంపెనీలో క్వాలిటీలో పనిచేస్తాను. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకుని, అది ఎవరి చేతిలో జరిగిందో వాళ్ళచేతే చెప్పించడం నా ఉద్యోగం. మర్నాడు షాపుకి వెళ్దామన్నాను.

"వదిలెయ్ రష్మీ. వాళ్ళతో ఆర్గ్యూ చేసి ఏం లాభం? వేరే చోట చూద్దాం," అన్నాడు జగదీష్.

"ఏం లాభమో చూసొస్తాం," అని అత్తయ్యని కారెక్కించాను.

షాపు యజమాని పేరు గ్లెన్. నెరిసిన గడ్డం, మరకల ఏప్రన్, చేతిలో కాఫీ. నేను చెప్పేది సగం విని, కేసులోంచి గిటార్ తీసి, నిలువుగా గుండెకి ఆనించుకుని టకటకా ఏదో వాయించాడు.

"చూశారా? వెన్నలా ఉంది. మీరు తెచ్చినప్పుడు తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయంటే ఎవడి వేళ్ళూ ఆనవు."

"ఇది హవాయియన్ గిటార్," అన్నారు అత్తయ్య ఇంగ్లీషులో. "పడుకోబెట్టి వాయిస్తారు. వేళ్ళతో నొక్కరు."

"ఓ, ల్యాప్ స్టైల్! అది ముందే చెప్పాల్సింది."

"ఆ పాత ఎముక ముక్క ఇవ్వండి."

"అదా? ట్రాష్‌లో పోయుంటుంది."

ఎంత తేలిగ్గా అన్నాడంటే, నా గొంతు నాకు తెలీకుండానే లేచింది. "మేం అతికించమన్నాం. స్క్రూలు ఎవరు కొట్టమన్నారు?"

"స్క్రూలు వేస్తే గట్టిగా ఉంటుంది మేడమ్. మమ్మల్ని అడిగిందే చేశాం."

"ఎవరడిగారు? నేనడిగానా? ఈవిడడిగారా?"

పక్కన ఉకులేలే అనే బుల్లి గిటార్ చూస్తున్నాయన దాన్ని గోడకి తగిలించి దూరం జరిగాడు. గ్లెన్ ఏదో అనబోయాడు. అత్తయ్య నా మోచెయ్యి పట్టుకున్నారు.

"పద రష్మీ."

"ఉండండి అత్తయ్యా, వీడి సంగతి..."

"పదమన్నానా."

ఆ పట్టులో ఎంత బలముందో ఇంటికెళ్ళాక చూసుకుంటే తెలిసింది, వేళ్ళ గుర్తులు పడ్డాయి. కార్లో ఆవిడ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. పదిమందిలో అరిచానని సిగ్గుపడుతున్నారనుకున్నాను. ఇంత అన్యాయం జరిగితే నా నోరు నొక్కడమేమిటని ఆవిడ మీద కూడా కోపం వచ్చింది.

దారిలో హార్డ్‌వేర్ షాపు కనపడితే ఆపమన్నారు. లోపల వరసలన్నీ తిరిగి, ఇత్తడి కడ్డీ ఒకటి ఏరుకుని, కావాల్సినంత ముక్క కోయించుకున్నారు. ఇంటికొచ్చి దాన్ని మెడ చివర తీగల కింద దూర్చి, చుట్టూ దారం కట్టారు. తీగలు లేచాయి. రాడ్ పెట్టి జరిపారు. పలికింది.

"వంకరగా పలుకుతోంది," అన్నారు. "కానీ పలుకుతోంది."

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం సాధన. నేను ఇంటినుంచి పనిచేసే రోజుల్లో పైగదిలో మీటింగ్ మ్యూట్‌లో పెట్టి వినేదాన్ని. ఒకే లైను పదేపదే. స్వరం జారి పక్కకి పోతే ఆవిడ దాన్ని మనిషిని తిట్టినట్టు తిట్టేవారు. మళ్ళీ మొదలెట్టేవారు. ఇన్నేళ్ళూ ఈ మనిషితో నేను కూరల గురించీ, వాతావరణం గురించీ మాట్లాడుతూ వచ్చాను.

ఒకరోజు భోజనాల దగ్గర జగదీష్ అన్నాడు, "చూశావా అమ్మా, మొత్తానికి పనికొచ్చింది కదా." ఆవిడ మజ్జిగ కలుపుకుంటూ తలెత్తలేదు.

జులైలో ఆ సాయంత్రం రానే వచ్చింది. శేషమ్మగారి కూతురి పెరట్లో కుర్చీలు వేశారు. ఎండ ఇంకా చెట్ల మీదే ఉంది. శేషమ్మగారి కుడిచెయ్యి ఒళ్ళో ఉన్నప్పుడు ఆగకుండా వణుకుతోంది. విల్లు తీగకి తగలగానే ఆగిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను, నిజంగా ఆగిపోయింది. అత్తయ్య గిటార్ ఆ వయొలిన్ వెనకే నెమ్మదిగా నడిచింది, కొంచెంసేపయ్యాక పక్కకొచ్చింది, తర్వాత ముందుకెళ్ళింది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం లేదు. అవసరం లేకపోయింది. జగదీష్ ముందు వరసలో నిలబడి ఫోన్లో రికార్డ్ చేస్తున్నాడు.

రెండో పాటలో రాడ్ పైస్థాయికి జారుతుండగా ఫట్‌మని పేలింది. బ్రిడ్జి ఊడి లేచింది. కింద చెక్కని కూడా పెచ్చులు పెచ్చులుగా పీక్కుని మరీ లేచింది. రెండు స్క్రూలూ ఆ పెచ్చుల్ని కరుచుకునే ఉన్నాయి. తెగిన తీగ ఒకటి అత్తయ్య మణికట్టు మీద కొట్టింది. సన్నగా రక్తం వచ్చింది.

శేషమ్మగారి విల్లు గాల్లోనే ఉండిపోయింది. "ఏమైందే?"

"పోయిందే," అన్నారు అత్తయ్య.

శేషమ్మగారు ఒక్కరే పాట పూర్తిచెయ్యాలని చూశారు. ఒక లైను వచ్చింది. తర్వాత చెయ్యి మళ్ళీ వణకడం మొదలెట్టింది. వయొలిన్ ఒళ్ళో పెట్టేసుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, కొట్టకపోయినా బావుండేది. ఎవరో లోపల్నుంచి పునుగుల పళ్ళెం తెచ్చారు.

"ఈ షాపువాడి మీద కేసు వెయ్యాలి," అన్నాడు జగదీష్ అందరికీ వినపడేలా. "వదిలిపెట్టను. మా అమ్మ గిటార్‌ని నాశనం చేశాడు."

అత్తయ్య చేతికి నేను టిష్యూ చుడుతున్నాను. ఆవిడ కొడుకు వైపు చూశారు. చాలాసేపు చూశారు.

సోమవారం లంచ్ టైమ్‌లో ఆ విరిగిన గిటార్ తీసుకుని ఒక్కదాన్నే షాపుకి వెళ్ళాను. కౌంటర్ మీద కేసు పెట్టి మూత తీశాను. గ్లెన్ చూసి చిన్నగా ఈల వేశాడు. దారిపొడుగునా కూడబెట్టుకున్నదంతా అన్నాను. అరవలేదు. అరవకుండా అంటే ఇంకా గట్టిగా తగులుతుందని నా ఉద్యోగం నేర్పింది. అతను చివరిదాకా విని, కాఫీ పక్కన పెట్టాడు.

"మీ ఆయనకి ఫోన్ చేశాను," అన్నాడు. "బ్రిడ్జి ఊడదీసి, పాత జిగురు గీకి, మళ్ళీ అతికించి ఆరబెట్టాలి, కొన్ని వారాలు పడుతుందన్నాను. అంత టైమ్ లేదు, ఏది ఫాస్ట్‌గా అయితే అది చెయ్యమన్నారు. స్క్రూలు వేస్తే రేపే ఇస్తానన్నా. ఫైన్ అన్నారు. తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయి, దించనా అని కూడా అడిగాను. ఎక్స్‌పర్ట్‌వి నువ్వే కదా అన్నారు."

పెచ్చుల్ని కరుచుకున్న ఆ స్క్రూలవైపు వేలు చూపించాను.

"ఆయన ఏమన్నా సరే," అన్నాను, "ఇంత పాత చెక్కలో స్క్రూలు దిగ్గొట్టకూడదని నీకు తెలీదా?"

"తెలుసు," అన్నాడు. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, మళ్ళీ కాఫీ అందుకున్నాడు. "కస్టమర్ కావాలన్నాక ఏం చేస్తాం."

డబ్బు వెనక్కిస్తానన్నాడు, ఏదో దయ చూపిస్తున్నట్టు. ఇవ్వమన్నాను. థాంక్స్ చెప్పలేదు.

పార్కింగ్ లాట్‌లో కారు స్టార్ట్ చెయ్యకుండా కూర్చున్నాను. అప్పటిదాకా నా కోపానికి ఒక తలుపూ, ఒక బోర్డూ, ఒక గడ్డం ఉన్నాయి. వెళ్ళి అరిచి రావచ్చు. ఇప్పుడది నాకంటే ముందే ఇంటికి వెళ్ళి కూర్చుంది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య వంటింట్లో తోటకూర ఒలుస్తున్నారు. గ్లెన్ చెప్పింది చెప్పాను.

"తెలుసు," అన్నారు, చేతిలో కాడ విరుస్తూనే.

"తెలుసా?"

"ఆ రోజు వాడు ఇదిగో, ఇక్కడే నిలబడి ఫోన్ మాట్లాడాడు. నేను పప్పు కడుగుతున్నా. 'ఏది ఫాస్టయితే అది' అని ఇంగ్లీషులో అంటుంటే ఏదో పార్సెల్ గురించనుకున్నా. స్క్రూలు చూశాక అర్థమైంది."

"మరి షాపులో నన్నెందుకు ఆపారు అత్తయ్యా?"

"వాడి పేరు ఆ షాపువాడి నోటినుంచి నువ్వు వినకూడదని. వాడే చెప్తాడనుకున్నా." ఆకులన్నీ ఒక పక్కకి నెట్టారు. "చూస్తూనే ఉన్నా, ఇవాళ చెప్తాడా, రేపు చెప్తాడా అని. రోజూ వాడు ఆఫీసునుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే అనుకునేదాన్ని, ఇదిగో ఇప్పుడంటాడు అని. శేషు వాళ్ళింట్లో అందరి ముందూ కేసు వేస్తానన్నాడు చూడు. అక్కడితో మానేశా, ఎదురుచూడటం."

ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయి. నేను పక్కన కూర్చుని ఒక కాడ అందుకున్నాను.

సాయంత్రం జగదీష్ వచ్చాడు. గుమ్మం దగ్గర ఒక బూటు విప్పుతుండగా అన్నాను, "గ్లెన్‌తో మాట్లాడాను."

రెండో బూటు విప్పలేదు. అలాగే వంగి ఉండిపోయాడు.

"రష్మీ, ఆ వారం మా టీమ్‌లో సగంమందిని తీసేశారు. నా పేరు ఉందో లేదో తెలీదు. వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఆ టైమ్‌లో వాడు ఫోన్ చేసి జిగురనీ, చెక్కనీ..."

"నా ఉద్యోగం కూడా నీ వీసా మీదే వేలాడుతోంది జగదీష్. ఆ భయం నాకు చెప్పక్కర్లేదు. ఆ రోజు ఫోన్లో ఏదో అనేశావు, సరే. తర్వాత చెప్పడానికి ఏం అడ్డొచ్చింది? నేను షాపుకెళ్ళి అరుస్తానంటే వదిలెయ్యమన్నావు. అందరి ముందూ కేసన్నావు."

వంటింటి వైపు తిరిగాడు. "అమ్మా, నాకు తెలీలేదమ్మా. అది అంత ముఖ్యమని..."

"నీకు తెలీదా?"

ఆవిడ గొంతు పెంచలేదు. నేను విన్నవాటిలో అంత కోపం ఉన్న గొంతు మాత్రం అదే.

"నేను సాధన చేస్తుంటే పక్కన పడుకుని నిద్రపోయేవాడివి. తీగల కింద వేలు దూర్చి ఆడుకునేవాడివి. అవి ఎంత ఎత్తులో ఉంటాయో ఈ ఊళ్ళో నీకొక్కడికే తెలుసు. వాడు అడిగాడు. నువ్వు వాణ్ణే ఎక్స్‌పర్ట్ అన్నావు."

జగదీష్ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. సారీ అన్నాడు, రెండు మూడుసార్లు అన్నాడు. ఆవిడ స్టవ్ కట్టేసి, "అన్నం వడ్డించు రష్మీ" అన్నారు. ముగ్గురం కూర్చుని తిన్నాం. కూరలో ఉప్పు లేదు. ఎవరూ అడగలేదు.

ఆగస్టంతా ఆవిడ ఎక్కువగా శేషమ్మగారి దగ్గరే గడిపారు. పొద్దున నేనే దింపేదాన్ని. ఏం చేస్తారని ఒకసారి అడిగాను. "నేను పాడతా. అది చెయ్యి సాగినంతసేపు వాయిస్తుంది. సాగనప్పుడు ఇద్దరం ఊరికే కూర్చుంటాం" అన్నారు. శీతాకాలం దాకా ఉండాల్సిన మనిషి సెప్టెంబరుకే టికెట్ మార్పించుకున్నారు. జగదీష్ ఎంత బతిమాలినా వినలేదు. అలిగి కూర్చోలేదు, మాట మానలేదు. అతనికి ఇష్టమని గుత్తివంకాయ చేసి పెట్టారు. టికెట్ మాత్రం మార్చలేదు.

ఎయిర్‌పోర్ట్‌లో లగేజ్ చెకిన్ అయ్యాక గిటార్ కేసు ఒక్కటి మిగిలింది. జగదీష్ దాని పిడి మీద చెయ్యి వేశాడు.

"అమ్మా, ఇది ఇక్కడ వదిలేసి వెళ్ళు. పోర్ట్‌లండ్‌లో పాత గిటార్లు బాగుచేసే ఆయనున్నాడు. ఫోటోలు పంపించాను, అవుతుందన్నాడు. ఎన్నాళ్ళు పట్టినా సరే, నేనే దగ్గరుండి చేయిస్తాను."

నిజంగానే కనుక్కున్నాడు. నాకు తెలుసు.

ఆవిడ అతని వేళ్ళని పిడి మీదనుంచి ఒక్కొక్కటే తీశారు, మెత్తగానే.

"నీ చేతికివ్వను నాన్నా," అన్నారు.

కారు మెల్లిగా నడుపు అన్నంత మామూలుగా అన్నారు. నా బుగ్గ మీద చెయ్యి వేసి, కేసు అందుకుని, సెక్యూరిటీ లైన్లోకి వెళ్ళిపోయారు. జగదీష్ ఖాళీ ట్రాలీ పట్టుకుని, ఆవిడ కనపడకుండా పోయాక కూడా అక్కడే నిలబడ్డాడు.

తిరిగొచ్చేటప్పుడు 405 హైవే మీద ట్రాఫిక్ నత్తనడక నడుస్తోంది.

"అమ్మకి అంత కోపమా?" అన్నాడు.

కోపం కాదు, కాస్త బాధపడ్డారు అంతే అని ఉంటే అతనికి తేలికయ్యేది. అలాంటి మాటలు నాకు బాగా వచ్చు, ఇన్నేళ్ళూ అన్నాను కూడా.

"అవును, కోపమే," అన్నాను.

"తగ్గుతుందా?"

"తెలీదు. నాదైతే తగ్గలేదు."

తలూపాడు. రెంటన్ దాటాం. బెల్‌వ్యూ అద్దాల బిల్డింగులు కనపడుతున్నాయి. అప్పుడు, నేనేమీ అడగకుండానే, "ఆ రోజు ఫోన్లో నేనేమన్నానో మొత్తం చెప్పనా?" అన్నాడు.

"చెప్పు."

మొదలుపెట్టాడు. గ్లెన్ చెప్పనివి కూడా ఉన్నాయి అందులో. పాత గిటారే, మా అమ్మ ఎలాగూ పెద్దగా వాయించదు అన్నాడట. ఆ మాట దగ్గర ఆగి, దాన్నే మళ్ళీ చెప్పాడు. బాతెల్ ఎగ్జిట్ దాకా చెబుతూనే ఉన్నాడు. నేను మధ్యలో ఒక్కసారి కూడా పోనీలే అనలేదు.